చైనీస్ ఒక్క అక్షరం రాకుండా చైనా లిపికళ మ్యూజియం చూడటం ఎలా?

టోక్యోలో ఉంటున్న మనవాళ్ళు, పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు తరచూ అడిగే మాట ఒకటుంది. "ఉయెనో పార్కు చూశాం, అసాకుసా గుడి చూశాం, రద్దీ లేని చోటు ఏదైనా చెప్పండి" అని. ఉగుయిసుదానీ దగ్గరున్న లిపికళ మ్యూజియం పేరు చెప్పగానే రెండో ప్రశ్న వస్తుంది: "మాకు చైనీసు రాదు, జపనీసు అంతంతమాత్రం. గోడల నిండా అక్షరాలే ఉంటే అక్కడికెళ్ళి ఏం చూడాలి?"

ఈ రెండో ప్రశ్నకి జవాబుగానే ఇది రాస్తున్నాను. కుంచెతో, సిరాతో రాసిన గీత ఒకసారి కాగితం మీద పడ్డాక చెరపడం కుదరదు. రాసినవాడి చేయి ఎక్కడ ఆగిందో, ఎక్కడ పరుగెత్తిందో, ఎక్కడ సిరా అయిపోయిందో అన్నీ అక్కడే ఉండిపోతాయి. ఆ చేతి కదలికని కళ్ళతో పట్టుకోవడమే మనం చేయాల్సిన పని. అర్థం తెలిస్తే మంచిదే, తెలియకపోయినా పని ఆగదు.

ఏ మ్యూజియం గురించి చెప్తున్నాను

పేరు తైతో వార్డు లిపికళ మ్యూజియం, టోక్యోలో నెగిషి అనే పేటలో ఉంది. నకమురా ఫుసెత్సు (1866–1943) అనే చిత్రకారుడు 1936లో తన ఇంటి ఆవరణలోనే దీన్ని తెరిచాడు. ఆయన ఫ్రాన్సులో నూనె రంగుల చిత్రకళ నేర్చుకున్నవాడు. 1895లో చైనా–జపాన్ యుద్ధానికి పత్రిక తరఫున వెళ్ళి, అక్కడ పాత శాసనాల నకళ్ళు చూసి వాటి మోజులో పడ్డాడు. ఆ తర్వాత జీవితమంతా సొంత సంపాదనతో పోగుచేసినవి సుమారు 16,000 వస్తువులు. ఎముకల మీద చెక్కిన అక్షరాలు, కంచు పాత్రలు, రాతి పలకలు, బౌద్ధ సూత్రాల రాతప్రతులు, శాసనాల నకళ్ళు ఇందులో ఉన్నాయి. దాదాపు అంతా చైనా సరుకే. ఇప్పుడు దీన్ని తైతో వార్డు నడుపుతోంది.

మీరు ఇంకో ఊళ్ళో ఉన్నా కింది పద్ధతి పనికొస్తుంది. ఆ ఊళ్ళ సంగతి చివర్లో చెప్పాను.

వెంట ఉండాల్సినవి

- గంటన్నర సమయం. రెండు గంటలు దాటితే కళ్ళు అలసిపోతాయి, ఇక ఏది చూసినా ఒకేలా కనిపిస్తుంది.
- పెన్సిలు, చిన్న నోట్‌బుక్. పెన్ను తీయకండి. కాగితం వస్తువులున్న గదుల్లో చాలాచోట్ల సిరా పెన్నులు వాడనివ్వరు.
- దగ్గరి చూపుకి అద్దాలు వాడేవాళ్ళు వాటిని మర్చిపోవద్దు. ఒంటికన్నుతో చూసే బుల్లి దుర్భిణి (మోనోక్యులర్) ఉంటే ఇంకా మేలు. జపాన్‌లో మ్యూజియాలకి అలవాటుగా వెళ్ళేవాళ్ళ మెడలో అది వేలాడుతూ కనిపిస్తుంది.
- కొంచెం చిల్లర. టికెట్ పెద్దలకి 500 యెన్‌లు.
- సన్నటి శాలువానో స్వెటరో. ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉండొచ్చు.

ఎలా చేయాలి

1. ముందురోజే వెబ్‌సైట్ చూడండి.

ఈ ఒక్క పని చేయక గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువ. చిన్న మ్యూజియాలకి ప్రదర్శన మార్చే రోజుల్లో తలుపులు మూసేసే అలవాటు ఉంటుంది, కొన్నిసార్లు వరసగా రోజుల తరబడి. దానికి తోడు సోమవారం సెలవు. సోమవారం ప్రభుత్వ సెలవు పడితే ఆరోజు తెరిచి, మర్నాడు మూస్తారు. సాయంత్రం నాలుగున్నరకి మూసేస్తారు కాబట్టి, ఆఫీసు అయ్యాక వెళ్దామనుకుంటే కుదరదు.

ఇంకో సంగతి. ఇంటర్నెట్లో చూసి మీరు ముచ్చటపడిన ముక్క ఆరోజు గదిలో లేకపోవచ్చు. కాగితం, పట్టు వెలుతురుకి పాడవుతాయి. అందుకే కొద్ది వారాలో నెలలో పెట్టి మళ్ళీ చీకటి పెట్టెలోకి పంపేస్తారు. ఉదాహరణకి చైనాలో థాంగ్ వంశ కాలపు మహా లేఖకుడు యెన్ జెన్‌చింగ్ తన నియామక పత్రాన్ని తానే రాసుకున్నాడని చెప్పే 780 నాటి ప్రతి ఈ మ్యూజియం సొత్తే. కానీ అది ఎప్పుడూ బయట ఉండదు. ఫలానాదే చూడాలని పట్టుబట్టకుండా, ఉన్నదాన్ని బాగా చూద్దామని వెళ్ళండి.

మూసి ఉందా? దిగులు పడకండి. ఉయెనో పార్కులోని టోక్యో నేషనల్ మ్యూజియం నడిచే దూరంలోనే ఉంది. అక్కడ తోయోకాన్ అనే ఆసియా భవనం 4వ అంతస్తులో చైనా చిత్రాలూ లిపికళా ఉంటాయి. ఇదే పద్ధతి అక్కడా నడుస్తుంది.

2. దారి.

ఉయెనో తర్వాతి స్టేషనే ఉగుయిసుదానీ, యామనోతే లైన్ మీద. ఉత్తర ద్వారం నుంచి బయటికి వస్తే ఐదారు నిమిషాల నడక. దారి పొడుగునా లవ్ హోటళ్ళ బోర్డులు కనిపిస్తాయి. అమ్మానాన్నలతో వెళ్తే ఈ మాట ముందే చెప్పి ఉంచండి. దారి తప్పలేదు, మ్యూజియం ఆ వెనకే ఉంది. ఎదురుగా ఉన్న, తర్వాత మళ్ళీ కట్టిన చెక్క ఇల్లు కవి మసఓకా షికిది. ఫుసెత్సుకి మంచి స్నేహితుడు, 1895లో ఆయన కూడా అలాగే యుద్ధ విలేఖరిగా వెళ్ళాడు.

3. మొదటి చుట్టులో ఏదీ చదవకండి.

గదులన్నీ ఒకసారి తిరిగేయండి. పావుగంట చాలు. అద్దాల పెట్టెల పక్కనున్న చీటీల జోలికి పోవద్దు. కళ్ళని లాగిన మూడు ముక్కలు మాత్రం గుర్తుపెట్టుకోండి. ఎందుకు నచ్చాయో కారణం వెతకనక్కర్లేదు. నల్లగా, లావుగా ఉందనో, అక్షరాలు వంకరగా ఉన్నాయనో, కాగితం చిరిగి ఉందనో, ఏదైనా సరే. మిగతా సమయమంతా ఆ మూడింటి దగ్గరే.

అన్నీ చూడాలనే పట్టుదల వదలడం మనకి కష్టమే, టికెట్ డబ్బులు గుర్తొస్తాయి. అయినా వదలండి.

4. కుడివైపు పైనుంచి మొదలుపెట్టండి.

పాత చైనా రాత పైనుంచి కిందికి నిలువు వరసల్లో నడుస్తుంది. మొదటి వరస కుడి చివర ఉంటుంది. పొడవాటి అడ్డ చుట్టనైనా కుడినుంచి ఎడమకే విప్పుతారు. గుమ్మానికి అటూ ఇటూ వేలాడదీసే జంట చుట్టల్లో కూడా ముందు కుడిది, తర్వాత ఎడమది.

ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ, ఎడమవైపునుంచి చూసేవాళ్ళకి మొదట తగిలేది సంతకం, ఆ తర్వాత అలసిపోయిన చేయి, చివర్లో తాజా చేయి. సినిమా వెనక్కి తిప్పి చూసినట్టే. అద్దాల పెట్టె పొడుగ్గా ఉంటే ముందు దాని కుడి చివరికి నడిచి వెళ్ళి, అక్కడ నిలబడి మొదలుపెట్టండి.

5. మూడు దూరాల్లో చూడండి.

ముందు నాలుగడుగులు వెనక్కి. అక్షరాలు మర్చిపోయి నలుపూ తెలుపూ ఎలా పంచుకున్నాయో చూడండి. కొన్నిటిలో ప్రతి గడీ సమానంగా నిండి ఉంటుంది, కొన్నిటిలో ఒక అక్షరం రెండక్షరాల చోటు మింగేస్తుంది.

తర్వాత మామూలు దూరం. ఒకే ఒక్క నిలువు వరస ఎంచుకోండి. అది తిన్నగా దిగుతోందా, పక్కకి వాలుతోందా?

ఆ తర్వాత దగ్గరగా. అద్దానికి ముక్కు ఆనించకుండా, ఎంత దగ్గరగా వెళ్ళగలిగితే అంత.

6. గీత వెంట నడవండి. అసలు పని ఇదే.

ఒక అక్షరం ఎంచుకోండి. మనకి తెలియని అక్షరమైనా గీతలు వేసే వరస దాదాపు ఇలాగే ఉంటుంది: పైది ముందు, కిందది తర్వాత, ఎడమది ముందు, కుడిది తర్వాత, అడ్డగీత ముందు, దాన్ని కోసే నిలువుగీత తర్వాత. జేబులో చేయి పెట్టుకుని చూపుడు వేలితో తొడ మీద అదే గీత వేయండి. గాల్లో వేలు ఊపితే పక్కవాళ్ళకి ఇబ్బంది, అద్దానికి వేలు తగిలితే కాపలా ఆయన వస్తారు.

ఇప్పుడు గీత మొదలైన చోటు చూడండి. కుంచె మొన కాగితాన్ని తాకి, కొంచెం వెనక్కి తిరిగి, అప్పుడు ముందుకి కదిలి ఉంటే మొదలు గుండ్రంగా ముడిపడినట్టు ఉంటుంది. నేరుగా వచ్చి దిగి ఉంటే సూదిలా మొనదేలి ఉంటుంది. చివర కూడా అంతే. ఆగి, నొక్కి, వెనక్కి మళ్ళిన గీత చివర దిమ్మెలా కనిపిస్తుంది. ఎత్తేసిన గీత తోకలా సన్నబడుతుంది.

తర్వాత సిరా సంగతి. కుంచె ముంచిన వెంటనే పడిన గీత నల్లగా, తడిగా, ఒక్కోసారి అంచుల్లో ఇంకిపోయి ఉంటుంది. రెండు మూడు అక్షరాలు దాటేసరికి పలచబడుతుంది. ఇంకా ముందుకెళ్తే గీత మధ్యలో కాగితం తెలుపు చారలు చారలుగా కనిపిస్తుంది, కుంచె వెంట్రుకలు విడిపోయాయన్నమాట. చైనా వాళ్ళు దీన్ని ఎగిరే తెలుపు అంటారు. ఆ పక్క అక్షరం ఉన్నట్టుండి మళ్ళీ నల్లగా కనిపిస్తే, అక్కడ కుంచె మళ్ళీ సిరాలో మునిగింది.

ఒక వరసలో కుంచె ఎన్నిసార్లు మునిగిందో లెక్కపెట్టండి. ఈ ఒక్క పని చేస్తే చాలు, వెయ్యేళ్ళ కిందటి మనిషి బల్ల దగ్గర ఏం చేశాడో మీకు తెలిసిపోతుంది. వాక్యం మధ్యలో మునిగిందా, చివర మునిగిందా? సిరా అయిపోయాక కూడా ఆపకుండా లాక్కుపోయాడా? తొందరలో ఉన్నవాడు అలాగే లాగుతాడు.

జాగ్రత్త: విడివిడిగా, నెమ్మదిగా రాసిన లిపిలో ఈ తేడా బాగా తక్కువ. గొలుసుకట్టు రాత ముందు మొదలుపెడితే సులువు.

7. ఏ లిపో ఆనవాలు పట్టండి.

అయిదు రకాలు తెలిస్తే చాలు. ముద్ర లిపిలో గీతలన్నీ ఒకే లావు, పొడవుగా, వంపులు తిరిగి, బొమ్మ గీసినట్టుంటుంది. క్రీ.పూ. 221లో దేశాన్ని ఏకం చేసిన ఛిన్ చక్రవర్తి ఖాయం చేసిన రూపం ఇది. గుమాస్తా లిపి పొట్టిగా, వెడల్పుగా ఉండి, ఒక అడ్డగీత చివర పెద్దబాతు తోకలా పైకి లేస్తుంది. హాన్ వంశ కాలపు రాళ్ళ మీద ఎక్కువగా కనిపిస్తుంది. నిలకడ లిపిలో ప్రతి అక్షరం కనపడని చదరంలో బుద్ధిగా కూర్చుంటుంది, ఈనాటి అచ్చు అక్షరాలకి దగ్గర. నడక లిపిలో అక్షరం లోపలి గీతలు ఒకదాన్నొకటి అందుకుంటాయి. గడ్డి లిపిలో అక్షరానికి అక్షరమే కలిసిపోయి దారప్పోగులా ఉంటుంది. దాన్ని చైనావాళ్ళు కూడా అందరూ చదవలేరు, కాబట్టి మీకు అర్థం కాలేదని చిన్నబుచ్చుకోకండి.

ఈ వరసే పుట్టిన వరస అనుకోవద్దు. గడ్డి లిపి చివర పుట్టలేదు, నిలకడ లిపి పూర్తిగా కుదురుకోకముందే ఉంది.

8. నల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు కనిపిస్తే ఆగండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సుద్దతో రాశారనో, అచ్చు వేశారనో అనుకుంటారు. అది రాతి శాసనం మీదినుంచి తీసిన నకలు. మన శాసన పరిశోధకులు ఎస్టాంపేజీ అంటారే, అదే. తడి కాగితాన్ని రాతి మీద పరిచి, గుంటల్లోకి దిగేలా బ్రష్‌తో కొట్టి, కాస్త ఆరాక సిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన తడతారు. చెక్కిన గుంటల్లోకి సిరా పోదు కాబట్టి అక్షరం తెల్లగా మిగులుతుంది. కాగితం పై వైపునే సిరా పడుతుంది కాబట్టి అద్దంలోలా తిరగబడదు.

దీని ముందు 6వ అంచె పని చేయొద్దు. సిరా ఎక్కడ ఆరిందో ఇక్కడ దొరకదు, ఎందుకంటే ఆ సిరా రాసినవాడిది కాదు, నకలు తీసినవాడిది. మరి ఏం చూడాలి? అక్షరం ఆకారం, అంచుల పదును, రాతి పగుళ్ళు. ఒకే రాయి నకళ్ళు రెండు పక్కపక్కన పెట్టి ఉంటే అంతకన్నా అదృష్టం లేదు. పాతదానిలో ఉన్న గీత కొత్తదానిలో పగులులో కలిసిపోయి ఉంటుంది. పగులు ఎంత ముదిరిందో చూసే నకలు వయసు కడతారు. పుస్తకంలా మడతలుగా ఉన్న నకలైతే, పెద్ద కాగితాన్ని పట్టీలుగా కోసి అతికించారని అర్థం. అసలు రాయి మీద వరసలు అలా ఉండవు.

నకళ్ళలో తెలుగువాళ్ళు ప్రత్యేకంగా వెతకాల్సినది ఒకటుంది. మన ధాన్యకటకానికి 7వ శతాబ్దంలో వచ్చి, కొన్ని నెలలుండి బౌద్ధ శాస్త్రాలు చదువుకున్న హ్యూయెన్‌త్సాంగ్ గుర్తున్నాడుగా, బళ్ళో చదివాం. ఆయన చైనా తిరిగి వెళ్ళి అనువదించిన గ్రంథాలకి థాంగ్ చక్రవర్తి తైజుంగ్ ఒక ముందుమాట రాశాడు. హ్వాయ్‌రెన్ అనే భిక్షువు, అంతకు మూడు శతాబ్దాల ముందువాడైన మహా లేఖకుడు వాంగ్ షీజీ చేతిరాతల్లోంచి ఒక్కో అక్షరం ఏరి, ఆ ముందుమాటని కూర్చాడు. 672లో దాన్ని రాతి మీద చెక్కారు. రాయి ఇప్పుడు షియాన్‌లోని శిలాఫలకాల వనంలో ఉంది. చైనా లిపి నేర్చుకునేవాళ్ళు దిద్దే నమూనాల్లో అది ముఖ్యమైనది, అందుకే దాని నకళ్ళు చాలా మ్యూజియాల్లో తగులుతాయి. "పవిత్ర బోధకు ముందుమాట" అనే అర్థం వచ్చే పేరు చీటీ మీద కనిపిస్తే అదే. చివర్లో ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం కూడా చెక్కి ఉంటుంది.

9. ఎర్ర ముద్రలు లెక్కపెట్టండి.

ఎర్రగా, చతురస్రంగా ఉండేవి ముద్రలు. రాసినవాడి ముద్ర సాధారణంగా సంతకం పక్కనే, ఎడమ చివర ఉంటుంది. మిగతావన్నీ ఆ తర్వాత శతాబ్దాల్లో దాన్ని దాచుకున్నవాళ్ళవి. ఎర్ర నేల మీద తెల్ల అక్షరాలుంటే గుంటగా చెక్కిన ముద్ర, తెల్ల నేల మీద ఎర్ర అక్షరాలుంటే ఉబ్బుగా చెక్కిన ముద్ర.

18వ శతాబ్దపు ఛియెన్‌లుంగ్ చక్రవర్తి తనకి నచ్చినదాని మీదల్లా ముద్రలు కొట్టించాడు. పెద్ద పెద్దవి, బొమ్మ మధ్యలో కూడా. నాకైతే ఆ పని నచ్చదు, కానీ ఆ ముక్క ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పే సాక్ష్యాలు అవే.

10. సంవత్సరం పట్టుకోండి.

చీటీ మీద ఏడాది ఉండనే ఉంటుంది. అయినా రాతలోనే పట్టుకుంటే ఆ సరదా వేరు. మనకి ప్రభవ, విభవ అని అరవై సంవత్సరాలున్నట్టే వాళ్ళకీ అరవై పేర్ల చక్రం ఉంది. మన చిక్కే వాళ్ళకీ ఉంది. ఏడాది పేరు ఒక్కటే రాస్తే అది ఏ అరవైలోదో తేలదు. పాత తెలుగు పుస్తకం మీద "విరోధి నామ సంవత్సరం" అని మాత్రమే ఉంటే ఎంత తల పట్టుకుంటామో తెలుసు కదా! రాజు పాలనాకాలం పేరు కూడా ఉంటేనే తేలుతుంది.

వాంగ్ షీజీ రాసిన లాంటింగ్ ముందుమాట (లాంటింగ్ అనే చోట కలిసినవాళ్ళు చెప్పిన కవితలకి ముందుమాట), చైనా లిపికళలో అందరూ తలపై పెట్టుకునే రచన, "యుంగ్‌హ తొమ్మిదో ఏడు, గ్వెయ్‌ఛౌ" అని మొదలవుతుంది. యుంగ్‌హ పాలనాకాలం పేరు, గ్వెయ్‌ఛౌ ఆ అరవై పేర్లలో ఒకటి. అంటే క్రీ.శ. 353. అదే గ్వెయ్‌ఛౌ 1913లో తిరిగొచ్చినప్పుడు క్యోటోలో పండితులు లాంటింగ్ పేరున పెద్ద సభ చేశారు.

అంకెలు మాత్రం మీరు ఇవాళే నేర్చుకోవచ్చు. ఒక అడ్డగీత ఒకటి, రెండు గీతలు రెండు, మూడు గీతలు మూడు, కూడిక గుర్తు పది. సంతకం దగ్గర ఇవి వెతకండి. దొరికితే పిల్లలు ఎగిరి గంతేస్తారు.

11. ఇప్పుడు చీటీ చదవండి.

మీరు పట్టుకున్నది ఎంతవరకు సరో ఇక్కడ తేలుతుంది. రాజవంశాల పేర్లు గుర్తుండకపోతే మన చరిత్ర పక్కన పెట్టుకోండి. హాన్ కాలంలో ఇక్కడ శాతవాహనులు, థాంగ్ (618–907) కాలంలో తూర్పు చాళుక్యులు, సుంగ్ (960–1279) కాలంలో కాకతీయులు, మింగ్ (1368–1644) కాలంలో విజయనగరం. యువాన్ చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్, మన రుద్రమదేవి ఒకే కాలంవాళ్ళు.

చీటీ జపనీసులోనే ఉంటే, ఫోన్ వాడొచ్చా అని ముందు అడగండి. ఫొటోలు తీయనివ్వని గదిలో అనువాద యాప్ కోసం కెమెరా తెరిచినా ఫొటో కిందే లెక్క.

12. మిగతా వస్తువులు.

సిరారాళ్ళు, కుంచెలు, కంచు పాత్రలు తీరికను బట్టి చూడండి. సిరారాయి ముందు మాత్రం ఒక్క నిమిషం ఆగి, మధ్యలో అరిగిన చోటు ఉందేమో చూడండి. మసి, జిగురు కలిపి గట్టిపరిచిన సిరా కడ్డీని నీళ్ళతో అరగదీసేది దాని మీదే. ఎముకల మీది అక్షరాలు కనిపిస్తే దాటిపోవద్దు. అవి మూడు వేల ఏళ్ళకి పైబడినవి, ఎద్దు భుజం ఎముకల మీద, తాబేలు పొట్ట చిప్పల మీద చెక్కినవి. గీతలు జుట్టంత సన్నం, ఆ బుల్లి దుర్భిణి అక్కడ అక్కరకొస్తుంది.

తరచూ జరిగే పొరపాట్లు

*అందంగా, పొందికగా ఉన్నదే గొప్పదనుకోవడం.* మన ముత్యాల్లాంటి అక్షరాల అలవాటు ఇక్కడ పనిచేయదు. యెన్ జెన్‌చింగ్ 758లో, తిరుగుబాటులో చనిపోయిన అన్న కొడుక్కి నివాళి రాస్తూ చిత్తుప్రతి తయారుచేశాడు. అది ఇప్పుడు తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. కొట్టివేతలు, దిద్దుబాట్లు, మధ్యలో ఇరికించిన మాటలు, చివరికొచ్చేసరికి ఆపుకోలేక పరుగెత్తే గీతలు. చూడటానికి ఏ గుమాస్తా అయినా చింపి పారేసే కాగితం. చైనా లిపికళలో అత్యున్నతమైన వాటిలో దాన్ని లెక్కిస్తారు. మీరు ఎంచుకున్న మూడింటిలో ఒకటి గజిబిజిగా ఉంటే దాన్ని వదలొద్దని చెప్పడానికే ఇదంతా.

*వాంగ్ షీజీ పేరు చూడగానే అసలు ప్రతి అనుకోవడం.* ఆయన స్వహస్తంతో రాసినదని తేలినది ఒక్కటీ ఇప్పుడు లేదు. లాంటింగ్ అసలు ప్రతిని తైజుంగ్ చక్రవర్తి తన సమాధిలో పెట్టించుకున్నాడని చెప్తారు. మనం చూసేవన్నీ పలచటి కాగితం పెట్టి గీసిన నకళ్ళో, రాతి నకళ్ళో. అలాగని తీసిపారేయకండి, వాటిలో కొన్ని థాంగ్ కాలానివి. నకలా, అసలా అన్నది చీటీ మీద చూసుకోండి. నకలైతే గీత వేగం గురించి మీరు వేసే అంచనాని కాస్త అనుమానించండి. నెమ్మదిగా గీసి వేగంగా కనిపించేలా చేయగల ఘనులు వాళ్ళు.

*గది చీకటిగా ఉందని ఫిర్యాదు చేయడం.* పాత కాగితానికి 50 లక్స్ (వెలుతురు కొలత) చుట్టుపక్కల వెలుతురే ఇస్తారు. లోపలికి వెళ్ళాక ఐదు నిమిషాలు ఆగితే కళ్ళు సర్దుకుంటాయి. ఫోన్ టార్చ్ మాత్రం వేయకండి.

*"దీని ఖరీదెంత?" అని అక్కడివాళ్ళని అడగడం.* మర్యాదగా నవ్వుతారు, జవాబు రాదు. దాని బదులు "ఇక్కడ కుంచె ఎక్కడ ముంచాడు?" అని అడిగి చూడండి. తీరికుంటే మిమ్మల్ని అద్దం దగ్గరికి తీసుకెళ్ళి మరీ చూపిస్తారు.

*పిల్లల్ని వెంటేసుకుని పెద్దవాళ్ళ పద్ధతిలో తిప్పడం.* వాళ్ళకి పని ఇవ్వండి: అన్నిటికన్నా పెద్ద ముద్ర ఏది, ఒకే అక్షరం రెండుచోట్ల ఎక్కడుంది, మూడు శిఖరాల కొండలా ఉండే అక్షరం (దానికి అర్థం కూడా కొండే) దొరికిందా? అరగంట నడుస్తుంది. ఆ తర్వాత బయటికి తీసుకుపోండి.

వేరే ఊళ్ళో ఉంటే

హాంకాంగ్‌లో ఉన్నవాళ్ళకి హాంకాంగ్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ లోపలే షూబాయ్‌జాయ్ అనే గది ఉంది. అంతా చిత్రాలూ లిపికళే. ఇంగ్లండ్‌లో బాత్ నగరంలో 1993లో తెరిచిన తూర్పు ఆసియా కళల మ్యూజియం చిన్నది, ఒక పాత ఇంట్లో ఉంది. అక్కడ రాత తక్కువ, పింగాణీ, పచ్చరాయి ఎక్కువ. డల్లాస్‌లో తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు కాబట్టి చెప్తున్నా, డౌన్‌టౌన్‌లోని క్రో మ్యూజియంలో చైనా పచ్చరాయి పని బాగుంటుంది, ప్రవేశం ఉచితం. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం తూర్పు దేశాల విభాగంలో చైనా పింగాణీ చూడొచ్చు. పింగాణీ మీద 6వ అంచె పనిచేస్తుంది. నీలి రంగు బొమ్మ కూడా కుంచెతో గీసిందే కదా, రంగు ఎక్కడ చిక్కబడిందో, ఎక్కడ పలచబడిందో చూడండి.

చూడటం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

బయటికి రాగానే, ఫోన్ తీయకముందు, మీరు ఎంచుకున్న మూడింటిలో ఒకదాని నుంచి ఒక్క అక్షరం నోట్‌బుక్‌లో పెన్సిలుతో వేయండి. ఆకారం తప్పినా ఫరవాలేదు. లావు ఎక్కడ, సన్నం ఎక్కడ, చివర ఎటు తిరిగింది అన్నవి గుర్తొస్తే మీరు చూసినట్టే. ఏమీ గుర్తురాకపోతే లోపలికి వెళ్ళి ఆ ఒక్కదాన్నే మళ్ళీ చూసి రండి. ముందు టికెట్ దగ్గర అడగండి, అదేరోజు మళ్ళీ రానిస్తారేమో.

ఇంకో పరీక్ష ఇంటికెళ్ళే దారిలో చేసుకోవచ్చు. షింజుకు స్టేషన్ దగ్గర నకమురాయా అనే పాత దుకాణం ఉంది. మన విప్లవకారుడు రాస్ బిహారీ బోస్ బ్రిటిష్ వాళ్ళ నుంచి తలదాచుకున్నది ఆ ఇంట్లోనే. ఆయన చెప్పిన పద్ధతిలో 1927లో మొదలైన ఇండియన్ కర్రీ అక్కడ ఇప్పటికీ వడ్డిస్తారు. ఆ దుకాణం పేరు అక్షరాలు రాసింది నకమురా ఫుసెత్సుయే. బోర్డు కింద నిలబడి చూడండి. గీత మొదలు మొనదేలి ఉందా, ముడిపడి ఉందా? చివర ఆగాడా, ఎత్తేశాడా? పక్కనున్న నియాన్ బోర్డుల్లో కంప్యూటర్ అక్షరాలకీ దీనికీ తేడా రెండు మాటల్లో చెప్పగలిగితే, కర్రీకి లోపలికి వెళ్ళొచ్చు. చెప్పలేకపోయినా వెళ్ళండి, ఆకలికి దానితో సంబంధం లేదు.